చంద్రుణ్ణి తిప్పిన తరగతి

జపాన్ పిల్లలకు తెల్ల కాగితం, రంగుల పెట్టె ఇచ్చి సూర్యుణ్ణి గీయమనండి. చాలామంది ఎర్రగా గీస్తారు. వాళ్ళ జెండాలో ఉన్నట్టే, గుండ్రంగా, నిండు ఎరుపు. మన పిల్లలైతే పసుపో నారింజో అందుకుంటారు. ఇది నేను పుస్తకంలో చదివి తెలుసుకున్నది కాదు. 1995లో, పదకొండేళ్ళ వయసులో, ఒక జపాన్ బడిలో నా పక్కన కూర్చున్న అమ్మాయి నా పసుపు సూర్యుణ్ణి కాసేపు చూసి, తన డబ్బాలోంచి ఎరుపు క్రేయాన్ తీసి నా చేతిలో పెట్టింది. పాపం, తెలియక వేసినట్టుంది అన్న దయ ఆమె ముఖంలో కనిపించింది. నేను ఆ క్రేయాన్‌ను మర్యాదగా తిరిగి ఆమె డబ్బాలోనే పెట్టేశాను. మా స్నేహం అక్కడ మొదలైందని చెప్పలేను. అక్కడ మొదలైంది పంతం.

హబ్సీగూడ పిల్ల జపాన్ బడికి ఎలా చేరిందో ముందు చెప్పాలి. మా నాన్న ఎన్‌జీఆర్‌ఐ అనే భూభౌతిక పరిశోధన సంస్థలో పనిచేసేవారు. తార్నాక దాటి ఉప్పల్ వైపు వెళ్తుంటే వరసగా వచ్చే పరిశోధన సంస్థల గోడలు తెలిసినవాళ్ళకు మా పేట తెలిసినట్టే. మా వీధి పిల్లల్లో సగం మంది నాన్నలు ఏదో ఒక పొడి అక్షరాల సంస్థలోనే ఉండేవారు. ఒకరి నాన్న రసాయనాలు, ఒకరి నాన్న జీవకణాలు, మా నాన్న భూకంపాలు. భూకంపాలంటే మిగతా పిల్లలు నవ్వేవారు. హైదరాబాద్‌లో భూకంపాలకు జీతం ఎందుకిస్తారని వాళ్ళ సందేహం. సందేహంలో న్యాయం లేకపోలేదు. దక్కన్ పీఠభూమి గట్టి నేల, ఇక్కడ పెద్ద భూకంపాలు రావని మా సాంఘిక శాస్త్రం టీచరు కూడా చెప్పేవారు.

1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున, నాలుగు కావడానికి కొద్ది నిమిషాల ముందు, వంటింట్లో స్టీలు గిన్నెలు వాటంతటవే గలగలలాడాయి. అంతకు ముందు రోజు వినాయక నిమజ్జనం చూసొచ్చి అందరం ఒళ్ళు తెలియకుండా పడుకున్నాం. మహారాష్ట్రలోని లాతూరు జిల్లా కిల్లారిలో వచ్చిన భూకంపం అది. దాదాపు పదివేల మంది చనిపోయారని తర్వాత తెలిసింది. ఆ క్షణాన మాకు తెలిసిందల్లా మంచం కదిలిందని. వీధి మొత్తం బయటికి వచ్చింది. దుప్పట్లు కప్పుకున్న పెద్దవాళ్ళు, ఏడ్చే పసిపిల్లలు, అడగకుండానే జాగ్రత్తలు చెప్పే పక్కింటాయన. నాన్న మాత్రం లోపలికి పరిగెత్తి చొక్కా తొడుక్కుని స్కూటర్ తీశారు. పౌర్ణమి ముందటి రాత్రి కాబట్టి చంద్రుడు దాదాపు నిండుగా, పడమటి వైపు ఇళ్ళ మీదికి దిగి ఉన్నాడు. అమ్మమ్మ నన్ను పొదువుకుని పైకి చూపించింది. "చూడవే, కుందేలు కూడా భయపడి తలకిందులైంది."

నిజంగానే అయింది. సాయంత్రం డాబా మీద చూసినప్పుడు చెవులు పైకి పెట్టుకుని ఉన్న కుందేలు, ఇప్పుడు చెవులు నేలకు వేలాడేసుకుని ఉంది. భూకంపం చంద్రుణ్ణి కూడా కుదిపేసిందని నేను చాలాకాలం గట్టిగా నమ్మాను. కిల్లారిలో వారాల తరబడి పరికరాలు పెట్టి తిరిగొచ్చిన నాన్నకు ఈ విషయం చెప్తే, ఆయన అలసటలో కూడా నవ్వి, "అది రోజూ జరిగేదేనమ్మా" అన్నారు. ఎందుకు జరుగుతుందో అడిగే లోపే నిద్రపోయారు. ఆ జవాబు రావడానికి నేను జపాన్ దాకా వెళ్ళాల్సి వచ్చింది.

1995 జనవరిలో కోబె నగరాన్ని భూకంపం కూల్చింది. ఆ ఏప్రిల్‌లో నాన్న ఒక పరిశోధన పని మీద ఏడాది పాటు జపాన్ వెళ్ళారు. మేము కూడా వెళ్ళాం. టోక్యోకు ఈశాన్యంగా ఉన్న త్సుకుబా అనే ఊరు. పరిశోధన సంస్థల కోసమే ప్రభుత్వం ప్రత్యేకంగా కట్టించిన ఊరు అది, అంటే జపాన్‌లో కూడా మాకు హబ్సీగూడే దొరికింది. ఇప్పుడు అక్కడికి వేగంగా వెళ్ళే రైలుంది కానీ అది 2005లో వచ్చింది. అప్పట్లో టోక్యో స్టేషన్ నుంచి బస్సే దిక్కు. బస్సు దిగగానే కనిపించేది త్సుకుబా కొండ. ఎత్తు 877 మీటర్లు, రెండు శిఖరాలు. ఒకటి మగ శిఖరం, ఒకటి ఆడ శిఖరం. ఆడ శిఖరమే కాస్త ఎత్తు. అమ్మకు ఆ ఊళ్ళో మొదట నచ్చిన విషయం అదే.

బడి గురించి ఎంతైనా చెప్పవచ్చు కానీ జపాన్ బడుల వీడియోలు ఇప్పుడు అందరూ చూసేశారు. బయటి చెప్పులు విప్పి లోపలి చెప్పులు వేసుకోవడం, తెల్ల కోట్లు తొడుక్కుని పిల్లలే భోజనం వడ్డించడం, పిల్లలే తరగతి తుడుచుకోవడం, అవన్నీ నిజమే. నాకు బాగా గుర్తున్నది మరొకటి. ప్రతి కుర్చీకి దూది దట్టించిన ఒక ముసుగు టోపీ ఉండేది. భూకంపం వస్తే తలకు తొడుక్కోవడానికి. అది చూసి మా వీధి పిల్లలందరినీ తీసుకొచ్చి చూపించాలనిపించింది.

భాష రాదు. లెక్కల్లో అంకెలు అవే కాబట్టి గట్టెక్కేదాన్ని. మిగతా పాఠాల్లో కిటికీలోంచి కొండ చూసేదాన్ని. ఆ వేసవిలో బడిలో అంతర్జాతీయ దినం అని ఒకటి పెట్టారు. పట్టు పరికిణీ కట్టించి నన్ను ఒక బల్ల వెనక నిలబెట్టారు. బల్ల మీద చార్మినార్ ఫోటో, గాజులు, అమ్మ చేసిన జంతికలు. వచ్చినవాళ్ళు నమస్తే అన్నారు, జంతిక తిన్నారు, చప్పట్లు కొట్టారు, వెళ్ళిపోయారు. నా పక్క బల్ల వెనక చైనా జెండాతో ఒక అబ్బాయి, ఆ పక్కన బ్రెజిల్ జెండాతో ఒక అమ్మాయి, ముగ్గురం సాయంత్రం దాకా అలా నిలబడ్డాం. ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు. ఇప్పటికీ బడుల్లో ఇలాంటి సంబరాలు జరుగుతూనే ఉంటాయి, నిర్వాహకుల ఉత్సాహం మీద నాకు కోపం లేదు. కానీ బల్లకు ఇవతల ఒక దేశం, అవతల ఒక దేశం నిలబడితే స్నేహం ఎక్కడ నిలబడుతుందో నాకు ఇంతవరకూ అర్థం కాలేదు.

స్నేహం ప్లైవుడ్ మీద మొదలైంది. అక్కడ ఆరో తరగతి ప్రాథమిక బడికి చివరిది. మార్చిలో వెళ్ళిపోయే ముందు తరగతి పిల్లలందరూ కలిసి ఒక వస్తువు చేసి బడికి వదిలి వెళ్ళడం ఆనవాయితీ. కొందరు మొజాయిక్ చేస్తారు, కొందరు గోడ బొమ్మ వేస్తారు. సెప్టెంబరులో అక్కడ చంద్రుణ్ణి చూసే పండుగ వస్తుంది. రెల్లు దుబ్బులు కుండలో పెట్టి, బియ్యప్పిండి ఉండలు పేర్చి, నిండు చంద్రుడి ముందు కూర్చుంటారు. ఆ పండుగ మర్నాడు చిత్రలేఖనం టీచరు బోర్డు మీద పెద్ద సున్నా చుట్టి, ఇందులో మీకేం కనిపిస్తుంది అని అడిగింది. తరగతి మొత్తం ఒకే మాట చెప్పింది. కుందేలు. రోకలి పట్టుకుని పిండి దంచుతున్న కుందేలు.

చైనా అబ్బాయి చెయ్యెత్తాడు. కుందేలే, కానీ అది దంచుతున్నది పిండి కాదు, మందు. చావు లేకుండా చేసే మందు. నేను చెయ్యెత్తాను. కుందేలే, కానీ మా కుందేలు ఏమీ దంచదు, ఊరికే కూర్చుంటుంది. ఇది చెప్పడానికి నాకు రెండు మాటలు, బోలెడు అభినయం పట్టింది. అప్పుడు టీచరు ఒక కథ చెప్పింది. ఆకలితో వచ్చిన అతిథికి పెట్టడానికి ఏమీ లేక తనే నిప్పుల్లోకి దూకిన కుందేలు కథ. దాని త్యాగం అందరికీ గుర్తుండాలని దేవేంద్రుడు చంద్రుడి మీద దాని బొమ్మ వేశాడట. బౌద్ధ జాతక కథల్లోది, భారతదేశం నుంచి వచ్చింది అని టీచరు అనగానే తరగతి మొత్తం తలలు తిప్పి నా వైపు చూసింది, ఆ కుందేలును నేనే సంచిలో పెట్టుకుని తెచ్చినట్టు. నిజానికి ఆ కథ నేను వినడం అదే మొదటిసారి.

చివరగా బ్రెజిల్ అమ్మాయి. కుందేలు లేదు అంది. గుర్రం ఉంది. గుర్రం మీద ఈటె పట్టుకున్న మనిషి. కింద డ్రాగన్. వాళ్ళ దేశంలో చంద్రుడిలో కనిపించేది సెయింట్ జార్జ్. తరగతి నవ్వింది. ఆమె లేచి వెళ్ళి బోర్డు మీద గీసింది. గుర్రం అద్భుతంగా వచ్చింది. అయినా ఓటు పెడితే కుందేలే గెలిచింది. మూడు దేశాల కుందేలు ముందు ఒక దేశపు గుర్రం ఎంత?

ఈ సంగతి ఇంట్లో చెప్పాను. మా అమ్మ అప్పటికే నా తోటివాళ్ళకు పేర్లు పెట్టేసింది, జపాన్ పేర్లు ఆమె నోరు తిరగక. ఎరుపు క్రేయాన్ ఇచ్చిన అమ్మాయి తాతగారు పక్కనే ఉన్న త్సుచియురాలో తామర దుంపలు పండించేవారు, కాబట్టి ఆమె తామరదుంపల పిల్ల. చైనా అబ్బాయి ఆ రోజు నుంచి మందుల అబ్బాయి. బ్రెజిల్ అమ్మాయి గుర్రంపిల్ల. "పాపం గుర్రంపిల్ల ఒక్కతే అయిపోయింది కదే" అంది అమ్మ. నాన్న భోజనం ఆపి, బుట్టలోంచి ఒక కమలాపండు తీసుకుని దాని మీద బాల్‌పెన్నుతో కుందేలు గీశారు. ఇంకో పండు భూమి. దాని మీద మూడు అగ్గిపుల్లలు గుచ్చారు. 36 డిగ్రీల ఉత్తరాన త్సుకుబా, 17 డిగ్రీల ఉత్తరాన హైదరాబాద్, భూమధ్యరేఖకు దక్షిణాన 23 డిగ్రీల దగ్గర గుర్రంపిల్ల పుట్టిన సావో పావ్లో. "ఇప్పుడు ఈ పుల్ల చివర కన్ను పెట్టి చూడు. దీనికి పైన అనిపించేది దానికి కింద. ఆ పిల్ల వాళ్ళ ఊళ్ళో నిలబడి చూస్తే మన కుందేలు తలకిందులుగా ఉంటుంది. తలకిందులుగా ఉన్న కుందేలు కుందేల్లా ఎందుకు కనిపించాలి? గుర్రంలా కనిపించిందేమో."

హబ్సీగూడ వీధిలో అమ్మమ్మ చూపించిన తలకిందుల కుందేలు సంగతి కూడా ఆ రాత్రే తేలింది. ఉదయించేటప్పుడు పైన ఉన్న అంచే అస్తమించేటప్పుడు ముందుగా కిందికి దిగుతుంది. హైదరాబాద్‌లా భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న ఊళ్ళలో ఆ తిరగడం మరీ ఎక్కువగా కనిపిస్తుంది. నాన్నకు ఇక పట్టపగ్గాలు లేవు. ఆ మచ్చలు ఎప్పుడో పొంగి గడ్డకట్టిన లావా అనీ, బసాల్ట్ అనీ, కిల్లారి కింద ఉన్న నల్లరాయి కూడా ఆ జాతిదేననీ, మన హైదరాబాద్ బండలు మాత్రం గ్రానైట్ అనీ, కుందేలు తల ఉన్న మచ్చ పేరు ప్రశాంత సముద్రం అనీ, 1969లో ఆర్మ్‌స్ట్రాంగ్ దిగింది అక్కడేననీ చెప్పుకుంటూ పోయారు. చంద్రుడి మీదికి వెళ్ళి మనిషి కుందేలు ముఖం మీద కాలు పెట్టాడన్న విషయం నన్ను కొన్ని రోజులు బాధించింది.

మర్నాడు రెండు కమలాపండ్లు బడికి తీసుకెళ్ళాను. మాటల్లో చెప్పలేనిదాన్ని పండ్లతో చెప్పాను. టీచరు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత తామరదుంపల పిల్ల లేచి, "అయితే చంద్రుణ్ణి తిప్పుదాం" అంది. నా ఎదురుగా ఎప్పుడూ పంతం పట్టే పిల్ల! గుండ్రటి ప్లైవుడ్ పలక, మధ్యలో ఇరుసు. ఒక వైపు తిప్పితే కుందేలు, తలకిందులుగా తిప్పితే గుర్రం. మచ్చలు మాత్రం అవే. బడిలో మరమ్మతులు చేసే పెద్దాయన పాత సైకిల్ చక్రం ఇరుసు తెచ్చి వెనక బిగించాడు. మీటరున్నర వెడల్పున్న చంద్రుడు ఒక్క వేలితో తోస్తే తిరిగాడు. ఆయన ఆ రోజు మా అందరికన్నా ఎక్కువగా తిప్పి చూసుకున్నాడు.

చెప్పుకోవడానికి ఇది బాగుంది. చేయడం మాత్రం విసుగు పని. పలకకు గరుకు కాగితం పట్టడం, దుమ్ము తుడవడం, తెల్ల పూత పూయడం, ఆరాక మళ్ళీ రుద్దడం, మళ్ళీ పూయడం. మచ్చలు రెండు రకాలుగానూ చదవగలిగేలా ఉండాలి కాబట్టి కుందేలు గీసే గుంపు, గుర్రం గీసే గుంపు అడుగడుక్కీ కొట్లాడుకునేవి. ఇటు చెవి పొడిగిస్తే అటు గుర్రం కాలు వాచిపోయేది. మందుల అబ్బాయి ఇరుపక్షాల మధ్య కొలతబద్ద పట్టుకుని తిరిగేవాడు. రోకలి కింద ఉన్నది పిండా మందా అన్న తగువు తెగక, రోలు లోపల ఏముందో కనిపించకుండా గీశాం. జనవరిలో బ్రష్షులు కడగడం ఇంకో శిక్ష. కుళాయి నీళ్ళు వేళ్ళను కొరికేవి. ఆ కుళాయిల దగ్గర మేం నలుగురమే మిగిలేవాళ్ళం, ఎందుకంటే మిగతావాళ్ళు సాయంత్రం ట్యూషన్లకు వెళ్ళిపోయేవారు. నాకు వచ్చిన జపనీస్‌లో ముప్పాతిక భాగం ఆ కుళాయిల దగ్గర వచ్చిందే. అందులో సగం తిట్లు, పెద్దగా పనికిరానివి.

గుర్రంపిల్ల తల్లిదండ్రులు ఇద్దరూ ఫ్యాక్టరీలో పనిచేసేవారు. వాళ్ళ ముత్తాత జపాన్ నుంచి బ్రెజిల్ వెళ్ళి కాఫీ తోటల్లో పనిచేశాడట. 1990లో జపాన్ చట్టం మార్చి అలాంటివాళ్ళ సంతానానికి తిరిగొచ్చి పనిచేసే వీలు కల్పించింది. ముఖం చూస్తే జపాన్ పిల్లే, నోరు తెరిస్తే పోర్చుగీసు. అందుకే ఆమెకు నాకన్నా ఎక్కువ ఇబ్బంది. నాకు భాష రాకపోతే అందరూ సహజమే అనుకునేవారు, ఆమెకు రాకపోతే వింతగా చూసేవారు. ఇది నాకు అప్పుడు అర్థం కాలేదు. కుళాయి దగ్గర ఆమె ఎందుకు అంత గట్టిగా పాడుతుందో కూడా అర్థం కాలేదు.

ఇంకో పెద్ద తగువు ఆకాశం రంగు మీద. దానికి కారణం మా అమ్మ ఇచ్చిన బహుమతి. విదేశాలకు వెళ్ళే హైదరాబాద్ వాళ్ళు గన్‌ఫౌండ్రీ లేపాక్షికి వెళ్ళి నాలుగు కళాఖండాలు కొని పెట్టెలో వేసుకోవడం ఆ రోజుల్లో తప్పనిసరి తంతు. అలా తెచ్చిన ఒక చేర్యాల బొమ్మల పటం అమ్మ టీచరుకు ఇచ్చింది. ఎర్రటి నేపథ్యం మీద కల్లు గీసే గౌడు, బుట్ట మోసే ఆడవాళ్ళు, తాడిచెట్లు. టీచరు దాన్ని చిత్రలేఖనం గదిలో గోడకు తగిలించింది. కాబట్టి చంద్రుడి చుట్టూ ఆకాశం ఎర్రగా ఉండాలని నేను పట్టుబట్టాను. చేర్యాల పటాల్లో పగలైనా రాత్రైనా వెనక ఎరుపే కదా! సూర్యుణ్ణి ఎర్రగా గీసే పిల్లలు ఆకాశాన్ని ఎర్రగా గీస్తానంటే ఒక్కరూ ఒప్పుకోలేదు. తామరదుంపల పిల్ల మొదటి రోజు నాకు ఇచ్చిన ఎరుపు క్రేయాన్‌ను తెచ్చి నా ముందు ఊపి, ఇప్పుడు కావాలా అన్నట్టు చూసింది. చివరికి లోపల ముదురు నీలం, చుట్టూ జానెడు వెడల్పు ఎర్ర అంచు. ఆ అంచు నేను, ఆమె కలిసి వేశాం.

టీచరుకు ఆ పటంలోని తెలుపు మీద కన్నుపడింది. మనుషుల కళ్ళు, దంతాలు, గేదెల మీది చుక్కలు. ఈ తెలుపు దేనితో చేస్తారు అని నన్ను అడిగింది. నాకేం తెలుసు? అమ్మను అడిగితే అమ్మకూ తెలియదు. టీచరు తన తెల్ల రంగు చూపించింది. ఆల్చిప్పలను ఏళ్ళ తరబడి ఎండకూ వానకూ వదిలేసి, తర్వాత మెత్తగా నూరి చేసే పొడి. దాన్ని జంతువుల చర్మం ఉడికించి తీసిన జిగురుతో కలిపి పూస్తారు. చంద్రుడికి ఆఖరి పూత దానితోనే వేశాం. ఆ వాసన నా స్వెటర్‌కు పట్టి ఇంటికి వస్తే అమ్మ గుమ్మంలోనే ఆపేసింది.

మార్చిలో బడి ముగింపు రోజున ప్రధానోపాధ్యాయుడు వచ్చి, చాలా గంభీరంగా ఉపన్యాసం చెప్పి, చంద్రుణ్ణి తిప్పారు. కుందేలు తలకిందులైంది, సెయింట్ జార్జ్ గుర్రం మీద లేచి కూర్చున్నాడు. గుర్రంపిల్ల తల్లి ఫ్యాక్టరీ దుస్తుల్లోనే వచ్చి ఉంది. ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. జపాన్ తల్లులందరూ ఎటు చూడాలో తెలియక నేల చూశారు. మా అమ్మ వెళ్ళి ఆమె పక్కన నిలబడి భుజం పట్టుకుంది. ఒకరికి తెలుగు తప్ప రాదు, ఒకరికి పోర్చుగీసు తప్ప రాదు.

తర్వాత కథ అందరి కథే. హైదరాబాద్ వచ్చాం. ఎండ, కొత్త పుస్తకాలు, మళ్ళీ పాత బడి. తార్నాక పోస్టాఫీసు నుంచి నీలం రంగు విమానపు ఉత్తరాలు వెళ్ళేవి. నా జపనీస్ తగ్గుతున్న కొద్దీ ఉత్తరాల్లో బొమ్మలు పెరిగాయి. మందుల అబ్బాయికి రాసినది ఒకటి చిరునామా మారిందని తిరిగొచ్చింది, అంతే, అతని జాడ మళ్ళీ తెలియలేదు. గుర్రంపిల్ల పెద్దదై అక్కడే ఫ్యాక్టరీలో చేరింది. 2009లో మాంద్యం వచ్చి పనులు పోయినప్పుడు, తమ దేశాలకు తిరిగి వెళ్ళిపోయే ఇలాంటి కార్మికులకు జపాన్ ప్రభుత్వం తలా మూడు లక్షల యెన్‌లు ఇస్తానంది. ఆ డబ్బు తీసుకుని ఆమె సావో పావ్లో వెళ్ళిపోయింది. ఫేస్‌బుక్‌లో దొరికింది. ఇప్పుడు ఆమెకు కుందేలు తలకిందులుగా కనిపిస్తుందట, గుర్రం కన్నా ముందు కుందేలే కనిపిస్తుందట. ఆ ముక్క కాస్త చిరాకుగానే రాసింది.

2011 మార్చి 11న జపాన్‌లో మహా భూకంపం వచ్చినప్పుడు నేను తామరదుంపల పిల్లకు వరసగా మెయిళ్ళు పంపాను. జవాబు రావడానికి సమయం పట్టింది. అందరూ క్షేమం. అల్మరాలు పడ్డాయి, నీళ్ళు ఆగాయి. వాళ్ళ అక్క కొడుకు అదే బడిలో చదువుతున్నాడు. పిల్లలను బయటికి తెచ్చి, మళ్ళీ లోపలికి వెళ్ళి చూస్తే, చెప్పుల అరల పక్కన గోడకున్న మా చంద్రుడు ఊగి ఊగి తలకిందులుగా ఆగి ఉన్నాడట. నాన్నకు ఆ మెయిల్ చదివి వినిపించాను. అప్పటికి అమ్మమ్మ లేదు.

2016 డిసెంబరులో తామరదుంపల పిల్ల హైదరాబాద్ వచ్చింది. కంది దగ్గర ఐఐటీ క్యాంపస్ నిర్మాణానికి జపాన్ సహకారం ఉంది, ఆమె ఉద్యోగం ఆ పనులకు సంబంధించినదే. పెద్ద నోట్లు రద్దయిన కొత్త. నగరంలో ఏటీఎంల ముందు బారులు. క్రమశిక్షణకు పేరుపడ్డ దేశం నుంచి వచ్చిన మనిషి హబ్సీగూడ క్యూలో నా తరఫున నిలబడి, ముందుకు దూరిన పెద్దమనిషిని మర్యాదగా వెనక్కి పంపింది. సాలార్‌జంగ్ మ్యూజియంలో జపాన్ గదిలో కత్తులు, పింగాణీ చూసి, ఇంత దూరం వచ్చి ఇవి చూడాలా అని నన్ను లాక్కుని సంగీత గడియారం ముందు జనంలో కూర్చుంది. అమ్మ చేతి పులిహోర తిన్నది కానీ ఒక ప్రశ్న మాత్రం వదల్లేదు. తామరపువ్వును దేవుడికి పెట్టే ఇంట్లో తామరదుంప ఎందుకు వండరు? అమ్మ దగ్గర జవాబు లేదు. అమ్మ దగ్గర జవాబు లేకపోవడం అరుదు.

చేర్యాల వెళ్ళాలని ఆమే అడిగింది. హైదరాబాద్ నుంచి వంద కిలోమీటర్ల లోపే. జిల్లాలు విడగొట్టిన కొత్తలో అది సిద్దిపేట జిల్లాలోకి వచ్చింది. నకాశీ కళాకారుల ఇంట్లో గుడ్డ తయారీ చూపించారు. ఖద్దరు గుడ్డ మీద గంజి, సుద్దమట్టి, నానబెట్టి నూరి ఉడికించిన చింతగింజల గుజ్జు, బంక కలిపి పూత మీద పూత పూస్తారు. ఆరాక రుద్దుతారు. మళ్ళీ పూస్తారు. ఆమె నన్ను మోచేత్తో పొడిచింది, గరుకు కాగితం రోజులు గుర్తొచ్చి. ఒకప్పుడు ఈ పటాలు గోడకు తగిలించుకునేవి కావు, నలభై అడుగులకు పైగా పొడవుండేవి, కాకిపడగల వాళ్ళు ఊళ్ళలో వీటిని విప్పుకుంటూ కులపురాణాలు పాడేవారు అని ఆ ఇంటి పెద్దాయన చెప్పారు. తాను పుట్టక ముందు జపాన్ వీధుల్లో కూడా సైకిల్ మీద బొమ్మల అట్టలు తెచ్చి, పిల్లలకు మిఠాయి అమ్మి, కథ చెప్పేవాళ్ళుండేవారనీ, టీవీ వచ్చాక పోయారనీ ఆమె చెప్పింది. నేను తెలుగులోకి మార్చాను. "మావాళ్ళకూ అదే గతి" అన్నారాయన.

అప్పుడు ఆమె గోడ మీద పటంలో తెల్లటి కళ్ళను చూపించి ఆ ప్రశ్న అడిగింది. టీచరు నన్ను అడిగిందే. ఇప్పుడు కొనుక్కొచ్చే రంగులే వాడుతున్నాం గానీ మా తాతల నాడు గవ్వలు, శంఖాలు నూరి చేసేవారు అన్నారాయన. ఆమె కేక పెట్టింది. ఇంట్లో పిల్లలు పరిగెత్తుకొచ్చారు. అక్కడే నిలబడి ఫోనులో టీచరుకు సందేశం పంపింది. టీచరు అప్పటికి పదవీ విరమణ చేసింది. పది నిమిషాల్లో జవాబు వచ్చింది. ఇరవై ఏళ్ళుగా అనుమానిస్తూనే ఉన్నాను, నలుపు దీపపు మసితోనేనా అని కూడా అడగండి అని. అడిగాం. దీపపు మసే.

ఇప్పుడు తామరదుంపల పిల్ల తన ఊళ్ళో సెలవు రోజుల్లో పిల్లలకు బొమ్మలు నేర్పుతోంది. వాళ్ళ చేత చేర్యాల గుడ్డ తయారు చేయించాలట, చింతగింజల పొడి పంపమంది. కిరాణా కొట్లో గింజలు తీసిన చింతపండే దొరుకుతోంది, అందుకని అమ్మ ఊరి నుంచి గింజలు తెప్పించి వేయించి మిల్లులో పట్టించింది. పొట్లం పట్టుకుని పోస్టాఫీసుకు వెళ్ళాను. విదేశీ పార్శిల్‌కు కస్టమ్స్ ఫారం నింపాలి. వస్తువు పేరు, బరువు, విలువ, ఉపయోగం.

"చింతగింజల పొడా? తినడానికా, మందుకా?" అన్నారు కౌంటరులో ఉన్నావిడ.

"బొమ్మలకండీ. గుడ్డకు పూస్తారు."

"అలాంటి గడి ఇందులో లేదమ్మా. తిండి అని రాస్తే అక్కడ తనిఖీ చేస్తారు, మందు అని రాస్తే డాక్టరు చీటీ అడుగుతారు. విత్తనాలంటే అసలు తీసుకోరేమో. మీ స్నేహితురాలినే కనుక్కోమనండి, వాళ్ళ దేశంలో దీన్ని ఏమంటే పంపిస్తారో."

పొట్లం వెనక్కి తెచ్చాను. ఆమెకు రాశాను. వాళ్ళ ఊరి అధికారులను అడిగి చెప్తానంది. ఈలోగా అమ్మ అందులోంచి రెండు చెంచాలు తీసి వాకిట్లో చిరిగిన చాటకు పేడతో కలిపి పూసింది. బాగా పట్టింది.